మూడో కుర్చీకి వేసిన పీట

అడగని మాటకి జవాబు ఎందుకు చెప్పాను? ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న నాతోపాటే లేస్తోంది, నాతోపాటే కాఫీ తాగుతోంది.

లాయరు నన్ను అడిగింది ఒక్కటే. "ఈ సంతకం మీదేనా?" అవునన్నాను. అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు.

ఆ సంతకం బెర్నీస్ యుర్కానిస్ కోసం పెట్టింది. మా ఊరి పేరు నంబర్ నైన్. గని మూతపడి నలభై ఏళ్ళయినా దాని అంకె ఊరికి పేరుగా మిగిలిపోయింది. పెన్సిల్వేనియా బొగ్గుకొండల్లో ఇలాంటి ఊళ్ళు చాలానే ఉన్నాయి. మగవాళ్ళకి గని, ఆడవాళ్ళకి చొక్కాల ఫ్యాక్టరీ, ఇద్దరికీ కలిపి సెయింట్ కాసిమిర్ చర్చి. మొదట గని పోయింది, తర్వాత ఫ్యాక్టరీ పోయింది. చర్చి నేలమాళిగలో మాత్రం ఆడవాళ్ళు ప్రతి శుక్రవారం బల్లల చుట్టూ చేరి, బంగాళదుంప ముద్ద కూరి, కజ్జికాయలకి నొక్కినట్టు అంచులు నొక్కి పియెరోగీలు చేసి అమ్మేవారు. వాటి అంచులు ఎలా ఉండాలో నిర్ణయించే మనిషి బెర్నీస్. విడిపోయే అంచు కనిపిస్తే ఆ పియెరోగీని చేసినవాళ్ళ ముందుకే తోసేది.

ఫ్యాక్టరీలో ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలర్లు కుట్టింది. మనిషి నాలుగడుగుల పదకొండు అంగుళాలు. కాళ్ళు ఆనక మిషను దగ్గర చెక్కపీట వేసుకునేది. ఆ వరుసలో సగం మంది ఆడవాళ్ళకి అలాంటి పీటలే ఉండేవి. ఫ్యాక్టరీ మూసిన రోజున ఎవరి పీట వాళ్ళు చంకన పెట్టుకుని ఇళ్ళకి నడిచి వెళ్ళడం నేను లైబ్రరీ కిటికీలోంచి చూశాను. ఊళ్ళో ఆమెకన్నా చిన్నవాళ్ళందరికీ ఆమె 'తేతా'. మా లిథువేనియా ఇళ్ళల్లో పిన్నినైనా అత్తనైనా అలాగే పిలుస్తాం. నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది కాబట్టి నాకూ తేతాయే.

తొంభై ఐదు వసంతంలో కౌంటీ వృద్ధుల ఆశ్రమాన్ని అమ్మేస్తారని కబురొచ్చింది. బెర్నీస్ చెల్లెలు ఆల్డోనా అక్కడ ఉండేది. ఎవరినీ గుర్తుపట్టేది కాదు. చేతికి ఏ గుడ్డ దొరికినా కాలరులా మడిచి పక్కన పేర్చేది. అమ్మేస్తే కొనేవాడు ఆమెని ఉంచుకుంటాడో, ఎక్కడో నూరు మైళ్ళ దూరం తోలేస్తాడో ఎవరూ చెప్పలేదు.

బెర్నీస్ కౌంటీ కమిషనర్లలో ఇద్దరి దగ్గరికి వెళ్ళింది. ఒకాయన ఒక పార్టీ, రెండో ఆయన ఇంకో పార్టీ. ఆ శుక్రవారం నేలమాళిగలో పిండి నలుపుతూ చెప్పింది:

"ఒకడు 'మనసొప్పట్లేదు కానీ అమ్మక తప్పదమ్మా' అన్నాడు. రెండోవాడు 'అమ్మక తప్పదు కానీ మనసొప్పట్లేదమ్మా' అన్నాడు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మా కౌంటీని నడిపేది ముగ్గురు కమిషనర్లు. పెద్ద పార్టీలు రెండూ చెరో ఇద్దరిని నిలబెడతాయి. మనిషికి రెండు ఓట్లు. నలుగురిలో ముగ్గురు గెలుస్తారు, ఓడేది ఒక్కడు. మొదటి రెండు కుర్చీలూ ఎవరివైనా మూడోది అవతలి పార్టీకి దక్కుతుంది. పిల్లలాడే కుర్చీలాటలోనైనా పాట ఒకచోట ఆగుతుంది. మా కౌంటీలో ఎప్పుడూ ఆగలేదు.

"ఆ మూడో కుర్చీ వాళ్ళ తాత సొత్తని ఎక్కడ రాసుంది?" అంది బెర్నీస్. "నేను నిలబడతాను."

"నిలబడినా కనబడవు కదే!" అంది ఆగ్నెస్ వెంచస్. ఫ్యాక్టరీలో పక్క మిషను ఆగ్నెస్‌దే. ఆ చనువుతో అంది.

"కనబడకపోతే పీటెక్కుతా."

ఆగ్నెస్ మొగుడు స్టాన్లీ పియెరోగీల కోసం కాగితం డబ్బా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "బెర్నీ, నీ మీద గౌరవంతోనే అంటున్నా. నీకేస్తే ఓటు పారేసుకోవడమే కదా. గెలిచేవాడికి వేస్తే ఓ అర్థముంటుంది."

"నలభై ఏళ్ళనించీ గెలిచేవాడికే వేస్తున్నావు కదరా స్టాన్లీ. ఏం గెలిచావో చూపించు. జేబులో ఉందా? ఇంట్లో దాచావా?"

"అది కాదు..."

"మా ఫ్యాక్టరీలో పదిహేను కాలరు, పదహారు కాలరు, రెండు సైజులే కుట్టండన్నాడనుకో. ఊళ్ళో మెడలన్నీ ఆ రెండింట్లోనే దూరాలా? దూరకపోతే మెడ తప్పంటావా, చొక్కా తప్పంటావా?"

స్టాన్లీ తన మెడ తడుముకున్నాడు. అతనిది పదిహేడున్నర.

అలా పుట్టింది 'మూడో కుర్చీ పార్టీ'. ఆ పేరు అర్జీ కాగితం మీద రాయాల్సి వచ్చి పెట్టిందే. పెద్ద పార్టీల వాళ్ళ పేర్లు బ్యాలెట్ మీదికి వాటంతట అవే వచ్చేస్తాయి. బయటివాళ్ళు నిలబడాలంటే ఓటర్ల సంతకాలు తేవాలి. ఆ ఏడు మా కౌంటీలో నాలుగు వందల పన్నెండు కావాలన్నారు. బెర్నీస్ అట్టకి కాగితాలు బిగించి, పెన్నుని దారంతో దానికి కట్టి, జూన్ అంతా కొండ ఎక్కుతూ దిగుతూ తిరిగింది. మోకాలికి చుట్టుకున్న గుడ్డ మేజోడు దాటి కనిపించేది.

నా గుమ్మంలోకి వచ్చినప్పుడు నేను లోపల చదువుకుంటున్నాను. సంతకం పెట్టి, చిరునామా గడి చూస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. దూరం చూసే అద్దాలు పెట్టుకుని వచ్చాను. దగ్గరివి పుస్తకంలో గుర్తుగా పెట్టి లోపలే వదిలేశాను.

"ఇటు తే. నీ ఇల్లు నాకు తెలీదా ఏమిటి?" అని ఆమే గబగబా రాసేసింది. ఇంటి నంబరు, వీధి, తేదీ. "వస్తా ఎమిల్. చదువుకో. కళ్ళు పోగొట్టుకో." మెట్లు దిగిపోయింది.

మా ఊరికి ఇదేం కొత్త కాదు. నంబర్ నైన్‌లో మగవాడి పని సంతకం వరకే. యూనియన్ కార్డు, చర్చి చందా కవరు, పన్ను కాగితం, అన్నింటి మీదా రాత ఇంటావిడది. గని చేతులకి పెన్ను పట్టే అలవాటు లేదు. కొందరికి పట్టడానికి వేళ్ళూ లేవు. అందుకే బెర్నీస్ ఏ ఇంటికి వెళ్ళినా వంటింటి బల్ల మీద కాగితం పెడితే మొగుడు పేరు గీకేవాడు, పెళ్ళాం ముందు అతని చిరునామా రాసి, తర్వాత తనది రాసుకునేది. ఎవరూ తప్పనుకోలేదు. కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో 'ప్రతి ఓటరూ వివరాలు స్వహస్తాలతో నింపవలెను' అని ఉంది. అలాంటివి చదివే అలవాటున్నవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే. నేనూ చదవలేదు.

నాలుగు వందల యాభై ఐదు సంతకాలు తీసుకుని వెళ్ళి ఇచ్చింది. వారం తిరక్కుండా అభ్యంతరం దాఖలైంది. చేసింది కౌంటీలో ఒక మామూలు ఓటరు. కానీ అతని తరఫున వచ్చిన ఇద్దరు లాయర్లలో ఒకాయన ఒక పెద్ద పార్టీవాడు, రెండో ఆయన ఇంకో పార్టీవాడు. వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఆ కోర్టులో ఎవరూ అంతకు ముందు చూడలేదట.

"చూశారా, నేనింకా గెలవనేలేదు, అప్పుడే ఇద్దరినీ కలిపేశాను," అంది బెర్నీస్.

ఆగస్టు ఎండ. కోర్టు గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. వాళ్ళు పట్టుకున్నవి ఓ ఇరవై దాకా. ఇల్లు మారినవాళ్ళవి, ఓటరు జాబితాలో పేరు లేనివాళ్ళవి. అవి పోయినా నాలుగు వందల పన్నెండుకి పైనే ఉంటాం. సంతకాలు నిజమైనవే అని చెప్పడానికి బెర్నీస్ ముందుగా నన్ను పిలిపించింది. లైబ్రరీలో పనిచేసేవాడు, నిదానస్తుడు, జడ్జి నమ్ముతాడని ఆమె లెక్క. అవతలి బల్ల లాయరు ఒకాయన లేచి అడిగాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి," అన్నాను. తర్వాత నా నోట్లోంచి ఈ మాట వచ్చింది: "చిరునామా మాత్రం బెర్నీస్ రాసింది. నా దగ్గరి అద్దాలు అప్పుడు లోపల ఉండిపోయాయి."

లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు పుస్తకాల చీటీలు రాసిన అలవాటు కావచ్చు. ఏది ఎవరిదో సరిగ్గా నమోదు కావాలి నాకు. లేదా ఆ ఎత్తైన బల్లని చూసి భయపడ్డానా? లేదా అందరూ నన్ను నిజాయితీపరుడంటే అది వినడం నాకు ఇష్టమా? తెలీదు. లాయరు పెన్ను పక్కన పెట్టాడు. కాగితాలు మొదటినుంచీ మళ్ళీ తిరగేశాడు. ఈసారి పేర్లు చూడలేదు, చేతిరాతలు చూశాడు. జంటలు జంటలుగా, రెండేసి వరుసలు ఒకే చేతిరాతలో.

మధ్యాహ్నానికల్లా మా మగవాళ్ళందరినీ పిలిపించారు. స్టాన్లీ వెంచస్ ఆదివారం కోటు వేసుకుని వచ్చాడు.

"ఈ చిరునామా మీరు రాశారా?"

"మా ఆవిడ రాసింది."

"మీరెందుకు రాయలేదు?"

స్టాన్లీ కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. మూడు వేళ్ళు. "తక్కినవి రెండూ నైన్ గనిలో ఉన్నాయి బాబూ. దిగి అడిగి రా. రాస్తాయేమో."

గదిలో నవ్వులు. జడ్జి బల్ల మీద కొట్టాడు. వెనక వరుసలోంచి ఆగ్నెస్ లేచింది. "నలభై ఆరేళ్ళు ఈయన పన్ను కాగితాలు నేనే రాశానండీ. అప్పుడు నా రాత మీ ప్రభుత్వానికి బాగానే పనికొచ్చింది. ఇప్పుడేం రోగమొచ్చింది దానికి?"

కూర్చోమన్నారు. కూర్చోలేదు. బయటికి పంపారు. వెళుతూ వెళుతూ ఆ ఇద్దరు లాయర్లు కూర్చున్న బల్లని చూసి, "నాయనా, మీ ఇద్దరికీ పెళ్ళి ఎప్పుడో చెప్పండి, పియెరోగీలు మేమే చేస్తాం," అంది.

అరవై ఒక్క సంతకాలు కొట్టేశారు. నాదీ వాటిలోనే ఉంది. ముందు పట్టుకున్న ఇరవైలో ఎన్ని నిలిచాయో ఇక లెక్కలోకి రాలేదు. మిగిలినవి నాలుగు వందల లోపే. జడ్జి మంచివాడే. 'చట్టం ఇలా ఉంది' అని రెండుసార్లు అన్నాడు, తనకే చెప్పుకుంటున్నట్టు.

బెర్నీస్ కార్లోనే తిరిగొచ్చాం. కొండ మలుపులన్నీ దాటే వరకూ ఆమె అన్నది ఒకే ఒక్క మాట. "బెల్టు పెట్టుకో." నేను క్షమించమని అడగడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. మూడుసార్లూ ఆమె కిటికీ అద్దం ఇంకాస్త దించింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం అందరం. శుక్రవారం నేలమాళిగలో బెర్నీస్ పిండి చేతులు తుడుచుకుని బల్ల మీద చరిచింది.

"బ్యాలెట్ మీద నా పేరు వెయ్యనన్నారు. బాగుంది. మీ అందరికీ రాయడం వచ్చు కదా? కోర్టులో ఒప్పుకున్నారుగా, ఇళ్ళల్లో రాత మీదేనని! అయితే రాయండి."

మా ఓటింగ్ మిషన్లు అప్పట్లో ఇనప బీరువాల్లా ఉండేవి. మీట లాగితే తెర మూసుకుంటుంది. పేరు పక్కనున్న చిన్న మీట నొక్కితే ఓటు. జాబితాలో లేని మనిషికి వెయ్యాలంటే అన్నిటికన్నా పైన చిన్న రేకు మూత ఉంటుంది. దాన్ని పైకి తోసి, లోపల కనిపించే కాగితం మీద పెన్సిలుతో పేరు రాయాలి. అది ఆరడుగుల మనిషి కోసం పెట్టినట్టుండేది. చొక్కాల ఫ్యాక్టరీ ఆడవాళ్ళలో ఒక్కళ్ళకీ అందదు.

"ఎలా అందుతుందే?" అంది ఆగ్నెస్.

"నీ పీట ఏం చేశావు?"

"కోళ్ళగూట్లో ఉంది."

"కడుగు."

ఆ సెప్టెంబరు, అక్టోబరు ఆమె మళ్ళీ కొండంతా తిరిగింది. ఈసారి అట్ట లేదు. ఒక్కో ఇంటి బల్ల మీద తన పేరు అక్షరం అక్షరం రాసి చూపించేది. యుర్కానిస్ మా వాళ్ళకే కష్టం. సాయంత్రాలు మా మగవాళ్ళు చేరే అగ్నిమాపక దళం వాళ్ళ బారులో ఆమెని ఆటపట్టించేవాళ్ళు. "తేతా, నువ్వు ఓట్లు చీలుస్తున్నావు. మంచివాడు ఓడి చెడ్డవాడు గెలుస్తాడు చూడు."

"మంచివాడెవడో చెప్పు, నేనూ వేస్తా."

"పోనీ, తక్కువ చెడ్డవాడు."

"పొద్దున్నే బేకరీకి వెళ్ళి తక్కువ పాచిపోయిన రొట్టె ఇమ్మని అడుగుతావా? చీల్చడమట! గుడ్డ కత్తిరించకుండా చొక్కా కుట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. మీ రెండు పార్టీల గుర్తులున్నాయే, ఆ ఏనుగెక్కినా గాడిదెక్కినా మీరు దిగేది ఒకే గుమ్మం దగ్గర. నేను నడిచే వస్తా."

ఎన్నిక రోజు చలిగాలి. అగ్నిమాపక కేంద్రంలో మంటలార్పే బండ్లు బయట పెట్టి లోపల మిషన్లు వేశారు. ఉదయం ఏడింటికి తలుపులు తీసేసరికి గుమ్మంలో వరుస. డెబ్భై ఏళ్ళ ఆడవాళ్ళు, తలకి రుమాళ్ళు, ఒక్కొక్కరి చంకలో ఒక్కో చెక్కపీట. పోలింగు అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఓటరు పీట తెచ్చుకోకూడదని ఎక్కడా లేదు. తెర మూసుకోవడం, లోపల పీట సిమెంటు మీద టక్కుమనడం, ఆ తర్వాత చాలాసేపు పెన్సిలు గీకుతున్న చప్పుడు. పేరు పెద్దది.

స్టాన్లీ తెర వెనక ఐదు నిమిషాలు ఉన్నాడు. బయటికొచ్చేసరికి చెమట పట్టింది. "నలభై ఆరేళ్ళ తర్వాత రాశాను," అన్నాడు మూడు వేళ్ళూ విదిలిస్తూ. "ఆగ్నెస్‌ని లోపలికి రానివ్వలేదు మరి!"

నేనూ రాశాను. దగ్గరి అద్దాలు పెట్టుకుని.

ఆమె గెలవలేదు. కౌంటీ మొత్తం మీద పేరు రాసినవాళ్ళు రెండు వేల మూడు వందల పైచిలుకు. ఇంకో నూట నలభై కాగితాల మీద 'తేతా' అనీ, 'బెర్నీ' అనీ, ఒకచోట 'కాలర్ల ఆవిడ' అనీ ఉందట, అవి చెల్లవన్నారు. మూడో కుర్చీ ఎప్పటిలాగే రెండో పార్టీకి పోయింది. నాలుగోవాడుగా మిగిలినవాడు హోబర్ట్, 'మనసొప్పట్లేదు కానీ' అన్నాయన. పన్నెండేళ్ళ కమిషనరు, ఏడు వందల ఓట్ల తేడాతో ఓడాడు.

తర్వాతి శుక్రవారం ఆయన నేలమాళిగకి వచ్చాడు. మెట్లు దిగుతుంటే బెర్నీస్‌వి తప్ప అందరి చేతులూ ఆగిపోయాయి.

"నా ఓట్లు తీసుకున్నావు బెర్నీస్," అన్నాడు. కోపంగా లేడు. అలిసిపోయి ఉన్నాడు.

"నీ ఓట్లా?" ఆమె పియెరోగీ అంచు నొక్కుతూనే ఉంది. "అవి ఆగ్నెస్‌వి, స్టాన్లీవి, ఇదిగో ఈ ఎమిల్‌వి. నీ దగ్గర పన్నెండేళ్ళు దాచుకోమని ఇచ్చారు. పాడుచేశావు, తిరిగి తీసుకున్నారు. ఎన్ని కావాలి? డజనా, రెండు డజన్లా?"

హోబర్ట్ రెండు డజన్లు కొనుక్కుని వెళ్ళాడు. ఆమె అతనికి అంచులు గట్టిగా ఉన్నవే ఏరి ఇచ్చింది.

ఆశ్రమం అమ్మకం మాట తర్వాత నాలుగేళ్ళు ఎవరూ ఎత్తలేదు. అది ఆ రెండు వేల మూడు వందల వల్లేనని నేను రుజువు చెయ్యలేను. కాదని ఎవరూ నాకు రుజువు చెయ్యలేదు కూడా. ఆల్డోనా అదే మంచం మీద, అదే కిటికీ పక్కన, కాలర్లు మడుస్తూ తొంభై ఎనిమిది చలికాలంలో పోయింది. ఇక బెర్నీస్‌కి ఆ ఆశ్రమంతో పనిలేదనుకున్నాం.

ఆ నాలుగేళ్ళలో ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. వానల గురించి, మోకాలి గురించి. కోర్టు మాట ఒక్కసారీ రాలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా వల్లే బ్యాలెట్ మీదికి ఆమె పేరు ఎక్కలేదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. నా మీద కోపం ఉందో లేదో మాత్రం తెలీదు.

తొంభై తొమ్మిది జూన్‌లో అమ్మకం మాట మళ్ళీ లేచింది. ఒక సాయంత్రం నా వరండా మెట్ల మీద చప్పుడు. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ వస్తున్న అడుగులు. డెబ్భై రెండేళ్ళ బెర్నీస్, చంకలో అదే అట్ట, దారానికి వేలాడుతూ పెన్ను.

"మళ్ళీనా తేతా?"

"కుర్చీ ఇంకా అక్కడే ఉందిగా."

"ఆల్డోనా..."

"మంచం కూడా అక్కడే ఉంది. ఇప్పుడు దాని మీద ఇంకెవరో పడుకున్నారు."

అట్టనుంచి ఒక కాగితం విడదీసింది. నా ఒళ్ళో మూసి ఉన్న పుస్తకం మీద పెట్టింది. తన చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసింది. దగ్గరి అద్దాలు. నావి కావు, మందుల షాపులో మూడు డాలర్లకి అమ్మే రకం, చీటీ ఇంకా ఊడదీయలేదు. దాన్ని కాగితం మీద పెట్టింది.

పెట్టుకున్నాను. గడులన్నీ విడివిడిగా, నల్లగా కనిపించాయి. నా జేబులోని పెన్నుతో పేరు రాశాను. ఇంటి నంబరు రాశాను. వీధి పేరు పూర్తిగా, కుదించకుండా రాశాను. తేదీ రాశాను. అడుగున ఉన్న సన్నటి వాక్యం చదివాను, రెండుసార్లు. నాలుగేళ్ళుగా నోట్లో నానుతున్న మాట ఇప్పుడు చెప్పాలనుకుని తల ఎత్తాను.

వరండాలో ఎవరూ లేరు. నా ఒళ్ళో ఆ ఒక్క కాగితం మాత్రం ఉంది. ఆమె అప్పటికే వెంచస్ వాళ్ళ గేటు తీస్తోంది. "స్టాన్లీ, బయటికి రా! నీ మూడు వేళ్ళతో పనుంది! ఆగ్నెస్, నువ్వు వంటింట్లోంచి కదిలావా చంపుతా!"

వెనక్కి తిరిగి చూడలేదు.